ఫోటోలు అప్‌లోడ్ చేసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఏ యాప్‌లోనైనా ఫోటోలు పెట్టే ముందు, దాని నిబంధనలలో ‘లైసెన్సు’ అనే మాట ఉన్న పేరాను తప్పక చదవండి. హక్కు మీదేనని ఒక వాక్యంలో చెప్పి, రుసుము చెల్లించకుండా వాడుకొనే అనుమతిని తరువాతి వాక్యంలోనే తీసుకోవడం పరిపాటి. 2012 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్, వినియోగదారుల ఫోటోలను ప్రకటనలలో వాడుకోవచ్చన్న అర్థం వచ్చేలా నిబంధనలు మార్చబోయి, తీవ్ర నిరసన రావడంతో కొద్ది రోజులకే ఆ భాగాన్ని ఉపసంహరించుకొంది. కనుక నిబంధనలు మారాయన్న ఈమెయిలును చదవకుండా తొలగించకండి.

ఖాతా తొలగించాక ఆ అనుమతి ముగుస్తుందో లేదో చూడండి. పిల్లల ఫోటోల విషయంలో ఇది మరీ ముఖ్యం.

డబ్బిచ్చి తీయించుకొన్న పెళ్లి ఫోటోలపై, వేరే ఒప్పందం లేకుంటే, మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం తొలి హక్కు తీయించుకొన్నవారిదే. కాబట్టి వాటిని తమ ప్రచారానికి వాడుకొంటామన్న షరతు స్టూడియో కాగితంలో ఉంటే, సంతకానికి ముందే కొట్టివేయించండి.