కుక్కపిల్లతో పాత ఎస్టేట్ (తోటలున్న పాతకాలపు పెద్ద భవనం) చూడటానికి బయల్దేరే ముందు

టీకాల కోర్సు పూర్తయిందా? చివరి డోసు పడ్డాక ఎన్నాళ్లకు నేలమీద వదలొచ్చో డాక్టర్‌ని అడగండి. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది.

కుక్కల్ని రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. తోటల్లోకి సరేనన్నా భవనం లోపలికి చాలాచోట్ల ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లు వంతులవారీగా చూసి రండి. కారులో మాత్రం వదిలేయొద్దు, అద్దాలు కాస్త దించినా సరే.

అసలు టెన్షన్ మొక్కలతోనే. పాత తోటల్లో యూ, ఫాక్స్‌గ్లోవ్, రోడోడెండ్రాన్, గన్నేరు అందం కోసం పెంచుతారు. అన్నీ విషమే. పళ్లొచ్చే వయసు పిల్ల కనిపించిన ప్రతి ఆకునూ కొరికి చూస్తుంది. దవడ ఆడుతోందంటే నోరు తెరిచి చూడండి. మింగేసిందని అనుమానమొస్తే ఆ కొమ్మను ఫొటో తీసి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీరే వాంతి చేయించొద్దు.

- పచ్చటి తెట్టు కట్టిన చెరువు నీళ్లు తాగనివ్వొద్దు. గిన్నె, నీళ్లు వెంట ఉండాలి.
- జింకలో గొర్రెలో కనిపిస్తే లీష్ పొట్టిగా పట్టుకోండి.
- మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు.
- మలం ఎత్తే కవర్లు (ఎప్పుడూ మర్చిపోయేవి ఇవే).
- కూలబడితే లాగొద్దు, ఎత్తుకోండి.
- తిరిగొచ్చాక చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి.