గ్రూపులో మాట, మూడో పాఠం: జవాబు రాయడం

పోయిన పాఠంలో ప్రశ్న ఎలా అడగాలో చూశాం. ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటి ఎంచుకుని, దాన్ని జవాబు వచ్చేలా తిరగరాయమన్నాను. మీరు రాసినది దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

ఈసారి జవాబు రాయడం నేర్చుకుందాం. నన్నడిగితే ప్రశ్న కన్నా ఇదే కష్టం. అడిగేవాళ్లకి అవసరం ఉంటుంది కాబట్టి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. చెప్పేవాళ్లకి ఆ అవసరం లేదు.

మీరు ఒక్కరికే జవాబిచ్చినా చదివేది చాలామంది. ఏ గ్రూపులోనైనా రాసేవాళ్ల కన్నా ఊరికే చదివి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఎప్పుడో అదే ఇబ్బంది ఎదురై, వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ ఉంటారు. ముందూ వెనకా ఏం జరిగిందో వాళ్లకి తెలియదు. ఆ తర్వాత వచ్చే మనిషిని మనసులో పెట్టుకుని రాయడమే ఈ పాఠం.

ఒకరు ఇలా అడిగారనుకోండి: "ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపితే ఛార్జింగ్ అవుతోంది కానీ ఫొటోలు కనపడటం లేదు. ఏం చేయాలి?"

దానికి మూడు జవాబులు వచ్చాయి.

"నాకూ ఇదే ప్రాబ్లం."
"కేబుల్ మార్చండి."
"ఇది కూడా తెలియకుండా ఫోన్ ఎందుకండీ?"

మొదటిది హాజరు వేయించుకోవడం. దానికి లైక్ బటన్ చాలు. మూడోదాని గురించి చెప్పక్కర్లేదు. చిక్కంతా రెండోదానితోనే, ఎందుకంటే అది తప్పు కాకపోవచ్చు. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కానీ కారణం చెప్పకపోతే, అడిగినవాళ్లు వెళ్లి అలాంటిదే ఇంకోటి కొనుక్కొస్తారు. ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

"మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, కేబుల్ పెట్టాక లాక్ తీసి నోటిఫికేషన్లు కిందికి లాగండి. అక్కడ యూఎస్‌బీ అని కనిపించేదాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. అసలు ఆ నోటిఫికేషనే రాకపోతే కేబుల్‌ని అనుమానించాలి, కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి. ఇంతకుముందు ఫైళ్లు పంపిన కేబుల్ ఏదైనా ఉంటే దానితో చూడండి."

ఇందులో ఏ ఫోన్ సంగతో ఉంది, కారణం ఉంది, మొదటిది పనిచేయకపోతే తర్వాత ఏం చూడాలో ఉంది. మీరు స్వయంగా చేసి చూడని పద్ధతి అయితే ఆ ముక్క కూడా రాసేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

జవాబు దేనికో కూడా తెలియాలి. ఇంటర్నెట్ మర్యాదల మీద 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం వచ్చింది. జవాబిచ్చేటప్పుడు పాత సందేశంలోంచి సందర్భం తెలిసేంత ముక్కే ఉంచమని అందులో ఉంది. ఇప్పుడైతే ఆ సందేశం మీదే రిప్లై నొక్కితే సరిపోతుంది. నలుగురు ఒకేసారి రాస్తున్నచోట విడిగా "కరెక్ట్" అని పడేస్తే ఎవరితో ఏకీభవించారో మీకు తప్ప ఎవరికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు చదివాకే రాయాలని కూడా ఆ పత్రం అంటుంది. ఈరోజుల్లో అంత ఓపిక ఎవరికుంది? వారం చదివినా నేను సంతోషిస్తాను.

ఇక వెటకారం. ఎదురుగా ఉంటే గొంతు, మొహం సగం అర్థం చెప్పేస్తాయి. రాతలో అవి ఉండవు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ బులెటిన్ బోర్డు మీద, ఒక లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో జోక్‌గా హెచ్చరిక రాశారు. కొందరు దాన్ని నిజమనుకున్నారు. అప్పుడు స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జోకులకి :-) అని గుర్తు పెడదామని సెప్టెంబరు 19న ప్రతిపాదించారు. ఈరోజు మనం వాడే నవ్వు మొహాల కథలో అదొక ముఖ్యమైన మలుపు. ఒకరినొకరు బాగా ఎరిగినవాళ్ల మధ్యే ఇలా జరిగితే, కొత్తవాళ్లున్న గ్రూపులో ఎంత టెన్షనో ఊహించండి. గుర్తు పెట్టినంత మాత్రాన ఎత్తిపొడుపు మెత్తబడదు. "చదువుకున్నవాళ్లే కదా" అని రాసి పక్కన నవ్వు మొహం పెడితే ఇంకా మండుతుంది.

తప్పు దిద్దాల్సి వస్తే మనిషిని వదిలి విషయం పట్టుకోండి. "మీకు తెలియదు" అనే బదులు "ఆ సెట్టింగు కొత్త వెర్షన్‌లో మారింది, ఇప్పుడు ఇక్కడ ఉంది" అనండి. అక్షర దోషాలు మాత్రం వదిలేయండి, అర్థమే మారిపోతే తప్ప.

కోపం వచ్చిందా? రాయండి, పంపకండి. తెల్లారేదాకా ఆగమని ఆ 1995 పత్రమే చెప్పింది. రాసేటప్పుడు నోట్స్‌లో రాసుకోండి, గ్రూపు పెట్టెలో వద్దు. వేలు జారితే అంతే సంగతులు.

ఈ వారం అభ్యాసం: మీరు తిరగరాసిన ప్రశ్నకి మీరే జవాబు రాయండి. ఆ ప్రశ్న చూడని మనిషికి మీ జవాబు ఒక్కటే చూపించి, అడిగింది ఏమై ఉంటుందో చెప్పమనండి. చెప్పలేకపోతే మొదటి వాక్యం మార్చి, ఇంకొకరికి చూపించండి.