డెమో లైవ్ పెట్టేముందు: ఎండాకాలపు టెక్ ఫెస్టులకు జాగ్రత్తలు

ఫిబ్రవరి దాటిందంటే కర్నూలు, అనంతపురం, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో టెక్ ఫెస్టుల సందడి మొదలవుతుంది. అప్పటికే ఎండ ముదురుతూ ఉంటుంది. ఉపన్యాసం రికార్డు కాకపోతే మళ్లీ చెప్పించుకోవచ్చు గానీ డెమోకు ఆ వీలుండదు. నెలల తరబడి కష్టపడి చేసిన రోబో ఆ పది నిమిషాలు నడిస్తే నడిచినట్టు, మళ్లీ అదే తీరున నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ముందుగా ఒకటి తేల్చుకోండి: లైవ్ తెగితే తెగనీ, రికార్డింగ్ మాత్రం పోకూడదు.

లైవ్‌కూ రికార్డింగ్‌కూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో స్ట్రీమింగ్ బటన్ నొక్కినంత మాత్రాన రికార్డింగ్ మొదలవదు. సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఆ రెండూ కలిసి మొదలయ్యే ఆప్షన్ ఉంది, దాన్ని టిక్ చేయండి. ఫార్మాట్ ఎంకేవీగా పెట్టండి. మామూలు ఎంపీ4లో ఫైలు సూచిక చివర్లో రాస్తారు. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే ఆ సూచిక లేక మొత్తం ఫైలు తెరుచుకోదు. ఎంకేవీలో అయితే ఆగిన క్షణం దాకా ఉన్నదంతా దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో నిమిషాల్లో ఎంపీ4గా మార్చుకోవచ్చు. 20 ఎంబీపీఎస్‌తో రికార్డు చేస్తే గంటకు 9 జీబీ, ఆరు గంటలకు 54 జీబీ పడుతుంది. పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ ఏదైనా ఫ్యాట్32లో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. కెమెరా కార్డులోనూ విడిగా రికార్డు కానివ్వండి. పాత ఫొటో కెమెరాలు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి, కాబట్టి ఒక్కో డెమోకు ముందు ఆపి మళ్లీ మొదలుపెట్టే పని ఒకరికి అప్పగించాలి.

ఎక్కువగా తేడా కొట్టేది స్క్రీన్ దగ్గరే. డెమో లాప్‌టాప్ నుంచి స్ప్లిటర్‌కు (ఒకే బొమ్మను రెండు చోట్లకు పంపే పెట్టె), అక్కడి నుంచి ఒక తీగ ప్రొజెక్టర్‌కు, ఇంకొకటి ఆ బొమ్మను రికార్డింగ్ లాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డుకు వెళ్లాలి. పాత ప్రొజెక్టర్ 1024×768 అడిగితే లాప్‌టాప్ దానికే దిగిపోతుంది, రికార్డింగ్‌లో అక్షరాలు అలుక్కుపోతాయి. కొన్ని స్ప్లిటర్లు మొదటి పోర్టులో ఉన్న పరికరం మాటే వింటాయి. అక్కడ క్యాప్చర్ కార్డు పెట్టి, 1920×1080 వస్తోందో లేదో చూడండి. అప్పుడు ప్రొజెక్టర్‌లో బొమ్మ రాకపోతే పోర్టులు మార్చక తప్పదు. ఇదంతా ముందురోజే తేలాలి. మామూలు హెచ్‌డీఎంఐ తీగ 10 మీటర్లు దాటితే స్క్రీన్ మధ్యమధ్యలో నల్లబడవచ్చు. క్యాప్చర్ కార్డును హబ్‌కు కాకుండా నేరుగా రికార్డింగ్ లాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టుకే గుచ్చండి.

డెమో ఇచ్చే విద్యార్థితో ముందే కూర్చోండి. వాట్సాప్ వెబ్ మూయించండి, నోటిఫికేషన్లు ఆపించండి. కోడ్‌లో ఏపీఐ కీ (ఆన్‌లైన్ సేవలను వాడుకునే రహస్య సంకేతం), పాస్‌వర్డ్ కనిపిస్తున్నాయేమో చూడండి. లైవ్‌లో ఒక్క సెకను కనిపించినా అది బయటికి పోయినట్టే, వెంటనే ఆ కీ మార్చించాలి. చూసేవాళ్లలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు కనుక టెర్మినల్ అక్షరాలు 20 పాయింట్లకు తగ్గకూడదు. సర్క్యూట్ బోర్డు చూపించేటప్పుడు ఆటోఫోకస్, ఆటో ఎక్స్‌పోజర్ రెండూ ఆపండి. లేదంటే చెయ్యి అడ్డొచ్చిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే లైట్లు మిణుకుమనవు.

సౌండ్ కోసం మైక్‌సెట్ వాళ్లను మిక్సర్ నుంచి ఆక్స్ అవుట్‌పుట్ (విడిగా సౌండ్ బయటికిచ్చే సాకెట్) అడగండి. దాన్ని నేరుగా కెమెరా మైక్ సాకెట్‌లో పెడితే మాట పగిలిపోతుంది. అక్కడి నుంచి వచ్చేది బలమైన సిగ్నల్ (లైన్ లెవెల్), కెమెరా సాకెట్ బలహీనమైన సిగ్నల్‌కు (మైక్ లెవెల్) చేసింది, నడుమ సిగ్నల్ తగ్గించే అటెన్యుయేటర్ ఉండాలి. మీటర్ −12 డీబీ చుట్టూ ఆడాలి. గుయ్‌మనే రొద వస్తే మిక్సర్‌నూ లాప్‌టాప్‌నూ ఒకే ప్లగ్‌బోర్డుకు తెచ్చి చూడండి, తగ్గకపోతే సౌండ్ తీగ మధ్యలో ఆ రొదను ఆపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేయండి. రొద పోతుందని ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. విరామంలో సినిమా పాటలు వేసే అలవాటు అంతటా ఉంది. కాపీరైట్ కింద లైవ్ ఆగవచ్చు, తర్వాత వీడియో మూగబోవచ్చు. పాట మొదలయ్యేలోపు ఆ ఛానెల్ మ్యూట్ చేసి విరామం స్లైడ్ పెట్టేయండి.

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది, వారం ముందే తీసుకోండి. 720పీకి 4, 1080పీకి 6 ఎంబీపీఎస్ పెట్టి, అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు ఉందో లేదో చూసుకోండి. పొద్దున్నే ఖాళీ హాల్లో ఫోన్ హాట్‌స్పాట్ చూపిన వేగాన్ని నమ్మొద్దు. వెయ్యిమంది వచ్చి కూర్చున్నాక టవర్ మీద భారం పడి అది అడుగంటుతుంది. లాన్ తీగే లాగించండి, 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. ఆర్‌టీఎంపీ పద్ధతిలో లైవ్ పంపుతుంటే దానికి వాడే 1935 పోర్టును కాలేజీ ఫైర్‌వాల్ ఆపుతోందేమో కనుక్కోండి. లైవ్‌లో ఓబీఎస్ డ్రాప్డ్ ఫ్రేమ్స్ (పంపలేక వదిలేసిన బొమ్మలు) చూపిస్తే తప్పు నెట్‌ది, బిట్‌రేట్ (పైన చెప్పిన ఎంబీపీఎస్ లెక్క) తగ్గించండి. ఎన్‌కోడింగ్ లాగ్ (వీడియోను కుదించడంలో వెనకబడటం) అంటే తప్పు లాప్‌టాప్‌ది, నెట్‌ను ఎంత సరిచేసినా ప్రయోజనం లేదు.

ఎండ సంగతికొస్తే, షామియానా కింద కూడా లాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది. కింద గాలి ఆడేలా ఎత్తుగా పెట్టండి. కూలర్‌ను మైక్ వైపు గానీ మిక్సర్ వైపు గానీ తిప్పొద్దు, హోరు ఒక బాధ, తేమ ఇంకో బాధ. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు చీకటే. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గానీ రౌటర్‌కు, స్ప్లిటర్‌కు, చిన్న మిక్సర్‌కు ఉండదు. ఆ మూడింటికీ 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది, ప్రొజెక్టర్‌నూ యాంప్లిఫయర్‌నూ దానికి తగిలించొద్దు.

సాయంత్రం తీగలు చుట్టకముందే ప్రతి ఫైలునూ మొదట్లో, మధ్యలో, చివర్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. రెండో డిస్క్‌లోకి కాపీ పూర్తయ్యేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయొద్దు.