కొత్త కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే: అనుమతి ఎక్కడ ఆగిందో చూడండి

మిర్యాలగూడ రైస్‌మిల్లులోని లెక్కల ప్రోగ్రామ్ అయినా, నల్లగొండలో పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే డీటీపీ సాఫ్ట్‌వేర్ అయినా, పాత కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి నడిచి, విండోస్ 10 లేదా 11 ఉన్న కొత్తదానిలో ఎక్కించగానే ఎర్రర్ చూపి మూసుకుపోతే, లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలని లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాలామంది కంప్యూటర్‌పై పూర్తి అధికారం ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే పనిచేసేవారు కాబట్టి, అప్పటి ప్రోగ్రాములు సెట్టింగులనూ డేటానూ, సాఫ్ట్‌వేర్లు ఎక్కే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన యూజర్ అకౌంట్ కంట్రోల్, అంటే ఇలాంటి మార్పులకు ముందు అనుమతి అడిగే ఏర్పాటు, దీనికి అడ్డుకట్ట వేసింది.

ముందుగా ఎర్రర్ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. చివర 0022 ఉంటే అనుమతి నిరాకరించారని అర్థం. 007బీ ఉంటే చాలావరకు 32 బిట్ (పాత తరహా), 64 బిట్ (కొత్త తరహా) ఫైళ్లు కలగలిసిన సమస్య. 0135 ఉంటే కావలసిన ఫైలేదో దొరకడం లేదు. చివరి రెండింటికీ అనుమతులు మార్చి ప్రయోజనం లేదు.

ఆ తరువాత ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకొని ఒక్కసారి తెరిచి చూడాలి. తెరుచుకుంటే సమస్య అనుమతిదేనని తేలినట్టే. చాలామంది ఇక్కడే ఆగిపోయి, రోజూ అలాగే తెరుస్తుంటారు. అలా తెరిచిన ప్రోగ్రామ్‌లోకి ఫోల్డర్ నుంచి ఫొటోను లాగి వదలడం కుదరదు. పక్క కంప్యూటర్‌తో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ కూడా కనిపించకపోవచ్చు.

అంతకంటే కలవరపెట్టేది డేటా సంగతి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోయిన పాత 32 బిట్ ప్రోగ్రామ్‌ను విండోస్ చాలాసార్లు ఆపకుండా, ఆ ఫైలును యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినప్పుడు ఈ మళ్లింపు ఉండదు. అందుకే యాసంగి వడ్ల లెక్కలన్నీ నిన్నటిదాకా ఎక్కించిన గుమాస్తా, ఇవాళ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే పార్టీల జాబితా ఖాళీగా కనిపించి హడలిపోతాడు. ఆ లెక్కలు వర్చువల్‌స్టోర్‌లో భద్రంగా ఉంటాయి. యాప్‌డేటా దాగి ఉండే ఫోల్డర్ కాబట్టి, వ్యూ మెనూలో ‘హిడెన్ ఐటమ్స్’కు టిక్ పెడితేనే కనిపిస్తుంది. ఏదీ తొలగించకుండా, రెండు చోట్ల ఉన్న ఫైళ్లనూ పెన్‌డ్రైవ్‌లో వేర్వేరు ఫోల్డర్లలోకి కాపీ చేసుకొని, తేదీలు పోల్చి చూశాకే ముందుకు వెళ్లాలి.

శాశ్వత పరిష్కారాల్లో నేను మొదట సూచించేది, సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, ప్రోగ్రామ్ ఫైల్స్ బయట, సి డ్రైవ్‌లో విడిగా చేసుకున్న ఫోల్డర్‌లో మళ్లీ ఎక్కించడం. అక్కడ మామూలు ఖాతాకూ రాసే అనుమతి సాధారణంగా ఉంటుంది. ఎక్కించే సీడీ దొరకనప్పుడు, ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, ఆపైన ఎడిట్ నొక్కి, యూజర్స్ వరుసను ఎంచుకొని, మాడిఫైకి ఎదురుగా అలో టిక్ పెట్టాలి. సి డ్రైవ్ మొత్తానికి ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’ ఇవ్వమనో, యూజర్ అకౌంట్ కంట్రోల్‌ను పూర్తిగా ఆపమనో ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ఒక గది తాళం రాలేదని ఇంటి తలుపులన్నీ ఊడబీకినట్టవుతుంది. జనం ఆధార్ కాపీలు దాచి ఉండే షాపు కంప్యూటర్‌కు అది నిజంగా ప్రమాదం.

అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా అదే ఎర్రర్ వస్తే, విండోస్ సెక్యూరిటీలోని ప్రొటెక్షన్ హిస్టరీ చూడాలి. తెలియని ప్రోగ్రాములు ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయకుండా ఆపే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అడ్డుకున్నట్టు అక్కడ ఉంటే, ర్యాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఆ ఒక్క ప్రోగ్రామ్‌ను అనుమతించిన జాబితాలో చేర్చితే చాలు.

తెలుగువారు తప్పక చూసుకోవలసిన మరో కారణం ఖాతా పేరు. కంప్యూటర్ కొన్న రోజున ఖాతా పేరును తెలుగు లిపిలో పెట్టుకుంటే, యూజర్ ఫోల్డర్ పేరూ తెలుగులోనే ఏర్పడవచ్చు. అన్ని లిపుల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాములకు ఆ అక్షరాలు ప్రశ్నార్థకాలుగా అందుతాయి. దాంతో తాత్కాలిక ఫైళ్లు ఉంచే టెంప్ ఫోల్డర్ దారి దొరకక మొదట్లోనే ఆగిపోతాయి. ఖాతా పేరు తరువాత మార్చినా ఫోల్డర్ పేరు పాతదే ఉంటుంది కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలతో కొత్త లోకల్ ఖాతా తెరిచి, అందులో ప్రోగ్రామ్‌ను నడిపి చూడాలి.