మూడు చేపల కథను మధ్యలో ఆపండి

లెక్కలు అర్థం కావడం లేదని పిల్లలు పరీక్ష ముందురోజు దాకా చెప్పరు. నిలదీస్తే ఇంకా దాస్తారు. పంచతంత్రంలోని మూడు చేపల కథ చెప్పి చూడండి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎండాకాలం చెరువు అడుగంటడం, వలలు దిగడం వాళ్లు చూసేదే. చెరువులో చేపల్ని చూసి జాలర్లు “రేపు వద్దాం” అని వెళ్లిన చోట ఆపి, “నువ్వయితే ఈ రాత్రి ఏం చేస్తావు?” అని అడగండి.

మొదటి చేప అనాగతవిధాత వెంటనే కాలువ పట్టి వెళ్లిపోతుంది. రెండోది ప్రత్యుత్పన్నమతి, వలలో చచ్చినట్టు పడి ఉండి తప్పించుకుంటుంది. (పిల్లలకు నచ్చేది ఇదే, నటించనివ్వండి.) ఏది జరగాలో అదే జరుగుతుందని కదలకుండా ఉన్న మూడోవాడు యద్భవిష్యుడు దొరికిపోతాడు. పేర్లకు నోరు తిరగకపోతే ఒకటో చేప, రెండో చేప అనండి.

నీతి మాత్రం చెప్పకండి. మర్నాడు “మన చెరువు దగ్గరికి జాలర్లెవరైనా వచ్చారా?” అంటే చాలు, లెక్కల్లో ఏం ఇబ్బందిగా ఉందో అడిగినట్టే. ఏం చెప్పినా కోప్పడకుండా, ఆ సాయంత్రమే కలిసి కూర్చుని అర్థం కాని లెక్కల్లో సగమైనా తేల్చండి.