స్నేహితుడితో కలిసి షూటింగ్ నేర్చుకోవాలంటే కోర్సు ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లో "షూటింగ్ నేర్చుకుంటాను" అనగానే అమ్మ అడిగింది, "ఏ సినిమాదిరా?" అని. తుపాకి అని విడమరిచి చెప్పాక పక్కింటి మౌసా అందుకున్నారు, "గోపాలపూర్‌లో చేరుతున్నావా?" అని. ఆయన తప్పేమీ లేదు. సైన్యం వాళ్ల ఎయిర్ డిఫెన్స్ కాలేజీ అక్కడే ఉంది. మా వైపు తుపాకి అంటే ఆ ఫిరంగుల మోతే గుర్తొస్తుంది. ఇంకాస్త లోపలికి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు వెళ్తే ఆ మాట వినగానే పోలీసులు, కూంబింగ్ గుర్తొస్తాయి. కాబట్టి మొదటి పని ఇంట్లో వాళ్లకు సరిగ్గా చెప్పడం: ఇది ఆట, పది మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద గురి.

నాతో పాటు చేరిన స్నేహితుడు ఆంధ్రలోని ఇచ్ఛాపురం వాడు. మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లే, కానీ రాష్ట్రం వేరు. ఈ తేడా ఎక్కడెక్కడ తగులుతుందో ముందే తెలిసుంటే మేం మొదట చేరిన చోట డబ్బు కట్టేవాళ్లం కాదు. ఆ సంగతి కింద చెప్తాను.

1. ఎందుకో ఇద్దరూ విడివిడిగా చెప్పుకోండి

ఇద్దరూ "నేర్చుకుందాం" అంటారు, కానీ ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే కాకపోవచ్చు. నాకు ఆట మీద మోజు. మా వాడికి వాళ్ల తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకి తన పేరు మీదకు మార్చుకోవాలని ఉంది. ఈ రెండిటికీ కావాల్సిన కోర్సులు వేరు.

ఆట కోసమైతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గానీ ఎయిర్ పిస్టల్ గానీ చాలు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం వచ్చింది ఈ ఎయిర్ రైఫిల్‌లోనే. 2024 పారిస్‌లో మను భాకర్ కాంస్యం గెలిచింది ఎయిర్ పిస్టల్‌లో. 4.5 మిల్లీమీటర్ల గుళ్లు పేల్చే, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా తేలిక దారి లేదు.

లైసెన్సు కోసమైతే దారి వేరు. 2016 ఆయుధాల నిబంధనల్లో పదో నిబంధన ప్రకారం దరఖాస్తుదారు భద్రతా శిక్షణ పూర్తిచేసి, ఎస్-1 ఫారంలో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పట్టుకోవడం, మోయడం, పేల్చడం, శుభ్రం చేయడం, ఇంట్లో దాచడం ఆ శిక్షణలో ఉండాలి. కోర్సు అమ్మేవాళ్లను సూటిగా అడగండి: "మీరిచ్చే కాగితం ఎస్-1 ఏనా? మా కలెక్టరేట్‌లో చెల్లుతుందా?" గోడకు తగిలించుకునే రంగుల సర్టిఫికెట్ చూపిస్తే అది ఎస్-1 కాదు. ఎస్-1 చేతిలో ఉన్నా లైసెన్సు వచ్చినట్టు కాదు. పోలీసు విచారణ, జిల్లా అధికారి నిర్ణయం ఇంకా మిగిలే ఉంటాయి. "కోర్సు చేస్తే లైసెన్సు గ్యారంటీ" అన్నవాడి దగ్గర టీ తాగి వచ్చేయండి, డబ్బు మాత్రం కట్టకండి.

నిజం తుపాకితో, అంటే పాయింట్ 22 రైఫిల్, 12 బోర్ లాంటి వాటితో నేర్పుతామంటే ఆ క్లబ్బు లైసెన్సు కాగితం చూపించమనండి. అడగడంలో మొహమాటం వద్దు. ఊరి బయట తోటలో నేర్పుతామన్నా, "పిట్టలు కూడా కొట్టొచ్చు" అన్నా అక్కడికి రెండోసారి వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. భేట్నయి దగ్గర కృష్ణజింకలను ఊరివాళ్లే కంటికి రెప్పలా కాచుకునే మా జిల్లాలో ఆ మాట అనడానికి కూడా సిగ్గుండాలి.

2. రైఫిలా, పిస్టలా?

ఇక్కడ నా సలహా సూటిగా చెప్తాను: కలిసి నేర్చుకునేవాళ్లు ఒకే రకం ఎంచుకోవాల్సిన పని లేదు. ఎయిర్ రైఫిల్ నాలుగైదు కిలోలుంటుంది. దాని టార్గెట్ కార్డులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది. పిస్టల్ కిలో పైచిలుకు ఉంటుంది, కానీ ఒంటి చేత్తో, చెయ్యి చాపి పట్టుకోవాలి. దాని పది మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. ఓపిగ్గా కదలకుండా నిలబడగలిగేవాళ్లకు రైఫిల్ నచ్చుతుంది. నాలాగా నడుం నొప్పి ఉన్నవాళ్లకు పిస్టల్ హాయి. ఒకే రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట, రెండూ నేర్పితే చాలు, ఎవరిది వాళ్లు పట్టుకోవచ్చు.

ఫోన్ చేసే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. రెండు చేతులూ ముందుకు చాపి, బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి చిన్న కంతలా పెట్టండి. ఆ కంతలోంచి గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం కంతలోనే ఉంటే మీకు బలమైనది కుడి కన్ను. మాయమైపోతే ఎడమది. మా వాడు కుడిచేతివాటం, కానీ గడియారం మాయమైంది. "ఏటి గురూ, నాకు కన్ను పోయిందా?" అని కంగారు పడ్డాడు. పోలేదు, చెయ్యి కుడి, కన్ను ఎడమ, అంతే. అలాంటివాళ్లకు కోచ్ ఏం చేస్తారో ముందే అడగాలి. కొందరు ఎడమ కంటికి అడ్డు పెడతారు, కొందరు ఎడమ భుజానికి మారుస్తారు. పిస్టల్ పిడి అరచేతి ఆకారానికి చెక్కి ఉంటుంది కాబట్టి కుడి చేతిది ఎడమ చేతికి పట్టదు. ఎడమ చేతి పిడి ఉందా అని అడగండి. "అదంతా అలవాటైపోతుంది" అని కొట్టిపారేసే కోచ్ మీ ఇద్దరిలో ఒకరికి పనికిరాడు.

3. ఎంత దూరం వెళ్లగలరు?

బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం అంతకన్నా వంద పైనే ఎక్కువ. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో గగన్ నారంగ్ పేరుతో షూటింగ్ హై పెర్ఫార్మెన్స్ సెంటర్ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం ఆయనదే. పేరులోనే తెలుస్తోంది, అది పోటీలకు తయారయ్యేవాళ్ల చోటు. కొత్తగా తుపాకి పట్టేవాళ్లు చిన్న అకాడమీలు చూసుకోవడం మేలు.

రోజూ రైలెక్కి వెళ్లి ఎవరూ నేర్చుకోలేరు. రెండు దారులున్నాయి. ఊళ్లోనో పక్క ఊళ్లోనో చిన్న ఎయిర్ గన్ రేంజ్ ఉంటే వారానికి మూడు రోజులు వెళ్లొచ్చు. లేకపోతే పెద్ద ఊళ్లో నాలుగైదు రోజుల పరిచయ కోర్సు చేసి వచ్చి, ఇంట్లో గుండు లేకుండా నిలబడడం, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయొచ్చు. దీన్ని డ్రై ప్రాక్టీస్ అంటారు. పెద్ద ఆటగాళ్లు కూడా రోజూ చేసేదే, చిన్నచూపు వద్దు.

పోటీల దాకా వెళ్లాలని ఉంటే మాలాంటి సరిహద్దు స్నేహితులకు ఇంకో చిక్కుంది. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కింద రాష్ట్రాల సంఘాలుంటాయి. నేను ఒడిశా తరఫున, మా వాడు ఆంధ్ర తరఫున ఆడాల్సి రావచ్చు. క్లబ్బు ఏ రాష్ట్ర సంఘానికి అనుబంధమో చేరకముందే కనుక్కోండి.

4. డబ్బు కట్టేముందు అరగంట కూర్చుని చూడండి

మేం మొదట చేరిన చోటు పేరు చెప్పను. గోదాములాంటి షెడ్డు, ఆరుగురు పక్కపక్కన నిలబడి కాల్చడానికి ఆరు లేన్లు, కార్డులు మార్చడానికి తాడూ లేదు, మోటారూ లేదు. పది గుళ్లు కొట్టాక అందరూ తుపాకులు కింద పెట్టి నడిచి వెళ్లి కాగితాలు మార్చుకోవాలి. రెండో రోజు మా వాడు తన పది అయిపోయిందని, నిలబడి కాల్చే గీత దాటాడు. చివరి లేన్లో ఒక కుర్రాడు ఇంకా గుండు ఎక్కిస్తున్నాడు. కోచ్ అది చూసి ఒడియాలో అరిచాడు, "రహ! రహ!" అని. అంటే ఆగు. ఒడియా రాని మా వాడికి అది "రా! రా!" అని వినపడింది. ఇంకో రెండడుగులు ముందుకేశాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ కుర్రాడు తుపాకి దించేశాడు, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే: ఆ రేంజ్‌లో "ఆగు" అన్న మాట ఏ భాషలో ఉందో వినండి. మన వైపు ఒకే షెడ్డులో తెలుగు, ఒడియా, హిందీ మూడూ నడుస్తాయి. కబుర్లకు ఏ భాషైనా ఫరవాలేదు. కమాండ్ మాత్రం ఒకే మాట, అందరికీ తెలిసిన మాట అయ్యుండాలి. పోటీల్లో వాడే "లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్" ఉంటే మంచిదే. మొదటి రోజు ఆ మాటలు మీచేత పలికించి, అర్థం చెప్పించుకునే కోచ్ దొరికితే సగం వెతుకులాట అయిపోయినట్టే.

కూర్చున్న అరగంటలో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఎవరైనా ముందుకు నడిచేటప్పుడు ప్రతి తుపాకి గొట్టంలోంచి నారింజ రంగు తీగ బయటికి కనిపిస్తోందా? దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు, గొట్టం ఖాళీ అని దూరం నుంచే తెలియడానికి. మాట్లాడుతూ వెనక్కి తిరిగినవాడి చేతిలో గొట్టం కూడా తిరుగుతోందా? అది చూసి కోచ్ కేక వేశాడా, నవ్వి ఊరుకున్నాడా? గురి పెట్టకముందే వేళ్లు ట్రిగ్గర్ మీద ఉన్నాయా? టార్గెట్ వెనక గోడ ఉందా, లేక రేకు అవతల జనం తిరిగే సందు ఉందా? నవ్వి ఊరుకునే కోచ్ కన్నా విసుక్కునే కోచ్ నయం.

గాలి సిలిండర్‌తో పనిచేసే రైఫిళ్లయితే సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూపించమనండి. అందులో ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. గడువు దాటిన సిలిండర్ పక్కన నేను నిలబడను. గొట్టం విరిచి నొక్కే స్ప్రింగు తుపాకులతో ఆ బెంగ లేదు, కానీ అవి పేలినప్పుడు ఎగురుతాయి, గురి నేర్చుకోవడానికి కష్టం.

చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఉన్నాయో లేదో చూడండి. గుళ్లలో సీసం ఉంటుంది. మా వాడు టార్గెట్ దగ్గర నుంచి వచ్చి అదే చేత్తో బరంపురం అప్పడం కొరికాడు, ఆ రోజు నా చేత తిట్లు తిన్నాడు.

5. ఇద్దరికి కలిపి బేరం

"ఇద్దరు చేరితే తగ్గింపు" అంటే సంతోషించకండి, లెక్క వేయండి. నెలకు 12 క్లాసులు, క్లాసు గంట అనుకుందాం. ఇద్దరికీ ఒకే రైఫిల్ ఇస్తే మీ వంతు అరగంట. అప్పుడు తగ్గించింది ఫీజు కాదు, మీ సమయం. క్లాసుకు 40 గుళ్ల చొప్పున నెలకు 480 అవుతాయి, ఇంచుమించు 500 గుళ్ల డబ్బా ఒకటి. ఆ డబ్బా ఫీజులో కలిసిందా, విడిగా కొనాలా? ఒక కోచ్ ఒకేసారి ఎంతమందిని చూస్తాడు? కొత్తవాళ్లు నలుగురైదుగురు మించితే మీ మోచెయ్యి ఎక్కడుందో చూసే తీరిక ఆయనకుండదు.

ఒకే సమయం అడగండి, కానీ పక్కపక్క లేన్లు వద్దనండి. ఇది మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. పక్కనే ఉంటే ప్రతి గుండుకీ "ఎంత వచ్చింది?" అని వాడి కార్డు వైపు మెడ తిరుగుతుంది. మధ్యలో ఒక లేన్ ఖాళీ ఉంటే చాలు. జాకెట్లు, బూట్లు, సొంత రైఫిల్ మొదటి నెలలోనే కొనిపించాలని చూస్తే ఒప్పుకోకండి. తక్కువ మడమ బూట్లు, ఒంటికి కాస్త పట్టి ఉండే దుస్తులు చాలు.

ఎవరో ఒకరు మధ్యలో మానేస్తే రెండోవాడి ఫీజు పెరుగుతుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇది అడగడం స్నేహితుడి ముందు ఇబ్బందిగానే ఉంటుంది. మేం రెండో చోట చేరినప్పుడు వాడే అడిగాడు, నా వైపు చూడకుండా. ఆరు వారాలకు పెళ్లి కుదిరి వాడే మానేశాడు. నేను అదే ఫీజుకు ఇంకా వెళ్తున్నాను, ఖాళీ లేన్ అవతల ఇప్పుడు రాయగడ నుంచి వచ్చిన ఒక టీచరు నిలబడుతోంది.