గ్రాండ్ ప్రిస్మాటిక్ ఉష్ణగుండాన్ని కళ్లారా చూడాలంటే ఏం చేయాలి?

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఉన్న గ్రాండ్ ప్రిస్మాటిక్ ఆ దేశంలోకెల్లా పెద్ద ఉష్ణగుండం. వెడల్పు దాదాపు 110 మీటర్లు. నడుమ ముదురు నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు వలయాలు. అయితే వేళ తప్పి వెళ్తే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనిపించదు.

ముందుగా వేళ చూసుకోండి. వేసవిలోనైనా పొద్దున్నే గాలి చల్లగా ఉండి గుండం మీద ఆవిరి కమ్ముకుంటుంది. ఎండ బాగా ఎక్కాక, మధ్యాహ్నం వెళ్లండి. పార్కింగ్ దొరకడం కష్టమే, అయినా ఓపిక పట్టండి.

తర్వాత నేరుగా గుండం దగ్గరికి పోకండి, మొదట గుట్ట ఎక్కండి. ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్‌లో కారు ఆపి, ఫైర్‌హోల్ నది వంతెన దాటి కిలోమీటరు నడిస్తే 2017లో తెరిచిన వ్యూపాయింట్ వస్తుంది. ఎక్కాల్సిన ఎత్తు 30 మీటర్ల పైచిలుకు, అంతే. వలయాలన్నీ ఒక్క చూపులో అందేది ఇక్కడి నుంచే. ఎలుగుబంట్ల సంచారం వల్ల వసంతంలో, మే చివరి దాకా, ఈ దారి మూసి ఉంటుంది.

ఇప్పుడు గుండం ఉన్న మిడ్‌వే గీజర్ బేసిన్‌కు వెళ్లి చెక్కబాట మీద నడవండి. ఒకచోట ఆగి, వంగి చూడండి. పలుచటి నీటిపొర కింద నారింజ రంగులో మెత్తటి తివాచీలా పరుచుకున్నదంతా ప్రాణమున్న సూక్ష్మజీవుల సముదాయమే. ఊట నుంచి దూరం జరిగేకొద్దీ నీరు చల్లారుతుంది. ఆ చల్లదనాన్ని బట్టి ఒక్కో వలయంలో ఒక్కో రకం జీవులు స్థిరపడతాయి, రంగు వాటిదే. నడిమి నీటి వేడికి ఆ రంగు జీవులు బతకలేవు. అక్కడ కనిపించే నీలం లోతైన, తేటనీటిది.

ఈ జీవుల జాతి మనకు చేసిన మేలు చిన్నది కాదు. 1960లలో ఇదే పార్కులోని మరో గుండంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త థామస్ బ్రాక్ థర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియాను కనుగొన్నారు. వేడికి చెడని దాని ఎంజైమ్ వల్లే, డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పరీక్ష సులువైంది. కొవిడ్ రోజుల్లో మనలో చాలామంది ముక్కులోంచి నమూనా ఇచ్చింది ఆ పద్ధతిలో జరిగే పరీక్షకే.

అందుకే గట్టిగా చెబుతున్నాను: గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే నాణెం వేసే అలవాటును ఇక్కడికి తీసుకురావద్దు. సమీపంలోని మార్నింగ్ గ్లోరీ గుండంలో సందర్శకులు నాణేలు, చెత్త వేసీ వేసీ ఊట ద్వారం కొంత పూడుకుపోయింది. నీటి వేడి తగ్గడంతో పసుపు జీవులు లోపలికి పాకి, ఒకప్పటి నీలాన్ని కమ్మేశాయి.

చెక్కబాట దిగకండి, పిల్లల చేయి వదలకండి. అంచుల్లో నేల పైపొర పలుచగా ఉంటుంది, దాని కింద సలసల కాగే నీళ్లు. ఈ పార్కు గుండాల్లో ఇప్పటివరకు 20 మందికి పైగా కాలి చనిపోయారు. గాలికి టోపీ ఎగిరి పడితే దిగి తీయబోకండి, పార్కు సిబ్బంది అయిన రేంజర్‌కు చెప్పండి.